నాట్రంపల్లి నుండి బాగాయం వరకు: బుద్ధిమాంద్యం గల బిడ్డలు, తెలుగు కుటుంబాలు



వేలూరు నగరంలో బస్సు ఎక్కిన ప్రతివారికీ ముందు వరుసలోని సీటు పైన ‘మాట్రుత్తిరనాళి’ అన్న తమిళ పదం కనబడుతుంది. వేరొక విధమైన సామర్థ్యం గలవారు అని దాని అర్థం. 2010లో ముఖ్యమంత్రిగా ఉన్న కరుణానిధి ఈ పదాన్ని ప్రభుత్వ వ్యవహారంలోనికి తెచ్చారు. పదం మంచిదే. అయితే ఆ సీటులో కూర్చునేవారిని గమనిస్తే ఒక విషయం తెలుస్తుంది. ఊతకర్ర పట్టుకున్నవారికి అందరూ లేచి చోటిస్తారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నవారికీ ఇస్తారు. ఇరవై ఏళ్ళ కొడుకును చేయి పట్టుకుని ఎక్కించిన తల్లిని మాత్రం, ఆ కొడుకుకు కాళ్ళూ కళ్ళూ బాగానే ఉన్నవి కదా అన్నట్లు చూస్తారు. కంటికి కనబడని వైకల్యం ఉన్నవారికి సమాజంలో చోటు దొరకడం ఎంత కష్టమో ఆ చూపు చెబుతుంది. నేటి ప్రసంగం అటువంటివారిని గురించి, వారి కొరకు పనిచేసే సేవాసంస్థలను గురించి, ముఖ్యంగా నాట్రంపల్లి ప్రాంతం నుండి పట్టణాలకు చేరిన తెలుగు కుటుంబాలను గురించి.

ముందుగా పేర్లలోని గందరగోళాన్ని కొంత తీర్చుకోవడం అవసరం. బుద్ధిమాంద్యం ఒకటి, అభ్యసన వైకల్యం వేరొకటి, మానసిక వ్యాధి ఇంకొకటి. బుద్ధిమాంద్యం గల బిడ్డ మాట, నడక, నేర్పు, లెక్క అన్నింటిలోనూ తన ఈడు పిల్లలకంటె నెమ్మదిగా ఎదుగుతాడు. అది బాల్యంలోనే మొదలై జీవితాంతం ఉంటుంది. అభ్యసన వైకల్యం గల బిడ్డ తెలివిలో ఎవరికీ తీసిపోడు, కాని చదవడమో వ్రాయడమో లెక్క చేయడమో అతనికి అంతుపట్టదు. మానసిక వ్యాధి ఏ వయస్సులోనైనా, ఎంత తెలివిగలవారికైనా రావచ్చును. దానికి చికిత్స ఉన్నది. బ్రిటన్ దేశంలో మొదటిదానినే అభ్యసన వైకల్యం అని వ్యవహరిస్తారు గనుక ఆంగ్ల పత్రికలు చదివేవారికి ఈ చిక్కు మరింత పెరుగుతుంది. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంటూ ఈ మూడింటినీ వేరువేరుగానే గుర్తించింది.

ఈ తేడా పండితుల చర్చకు మాత్రమే పరిమితమైనది కాదు. బిడ్డ మాట్లాడకపోతే గాలి సోకిందనీ, పిచ్చి అనీ భావించి దర్గాలకూ గుళ్ళకూ తిప్పే కుటుంబాలు ఈ జిల్లాలలో నేటికీ ఉన్నవి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది తప్పించుకునే దారి లేక మరణించారు. వారు మానసిక రోగులుగా అక్కడ చేర్చబడినవారు. గుడికో దర్గాకో వెళ్ళడం వలన కీడేమీ లేదు. అక్కడితో ఆగిపోయి, బిడ్డ ఎదుగుదలకు అత్యంత విలువైన తొలి ఐదారేళ్ళను పోగొట్టుకోవడమే కీడు.

నాట్రంపల్లి చెన్నై–బెంగుళూరు జాతీయ రహదారిపై వాణియంబాడి దాటిన తరువాత వచ్చే ఊరు. సమీపంలో ఏలగిరి కొండ, జోలార్‌పేట రైల్వే జంక్షను, ఉత్తరాన కొద్ది దూరంలో ఆంధ్ర సరిహద్దు. 2019 నవంబరు 28న వేలూరు జిల్లాను విడదీసినప్పుడు ఇది తిరుపత్తూరు జిల్లాలో చేరింది. ఇక్కడి పల్లెలలో తెలుగు ఇంటి భాష. బడి, కచేరి, ఆసుపత్రి తమిళం. అవ్వ చెప్పే కథ తెలుగులో, అయ్యవారు చెప్పే పాఠం తమిళంలో. పనుల కొరకు ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ పరిశ్రమలకు, గుడియాత్తం అగ్గిపెట్టెల, బీడీల, లుంగీల పనులకు, ఇంకా దూరం వెళ్ళగలవారు వేలూరుకూ బెంగుళూరుకూ చెన్నైకూ తరలిపోయారు.

రెండు భాషల నడుమ పెరగడం మామూలు బిడ్డకు వరమే. ఎదుగుదలలో వెనుకబడిన బిడ్డ విషయంలో అది రెండు రకాల పొరపాట్లకు తావిస్తుంది. ఒకటి, బుద్ధిలో ఏ లోపమూ లేని తెలుగు బిడ్డ మొదటి తరగతిలో తమిళం రాక నోరు మెదపకుండా కూర్చుంటే, ‘మందబుద్ధి’ అని ముద్ర పడడం. రెండవది ఇంతకంటె ప్రమాదకరమైనది: నిజంగానే సహాయం కావలసిన బిడ్డను చూచి, ‘తెలుగువాళ్ళ పిల్లవాడు, భాష రావడం లేదు, వచ్చే ఏడు సర్దుకుంటుంది’ అని ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ ఏళ్ళ తరబడి వాయిదా వేయడం. 2006 నాటి చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయిన తరువాత ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. బిడ్డ తడబడుతున్నది తమిళంలోనా, లేక తెలుగులోనూ తడబడుతున్నాడా అని ఒక్కసారి అడిగితే చాలావరకు చిక్కు విడిపోతుంది. ఆ ప్రశ్నకు సమాధానం తల్లికి మాత్రమే తెలుసు. బడిలో ఆమెను అడిగేవారే అరుదు.

బుద్ధి వికాసాన్ని కొలిచేటప్పుడు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. వైకల్య ధ్రువీకరణలో వాడే వైన్‌లాండ్ సామాజిక పరిణతి మాపనాన్ని నాగపూరుకు చెందిన మాలిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు భారతీయ పరిస్థితులకు అనువుగా మార్చారు. బిడ్డ తనంతట తాను అన్నం తింటాడా, చొక్కా తొడుక్కుంటాడా, వీధి చివరి అంగడికి వెళ్ళి వస్తాడా అన్న రీతిలో తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవడం దాని పద్ధతి. ప్రశ్న తమిళంలో వచ్చి, తెలుగు తల్లి సగం అర్థం చేసుకుని, బెరుకుతో ‘ఆమా, ఆమా’ అని తల ఊపితే ఆ కొలతకు విలువ ఉండదు. తమకు తెలుగులో అడగమని కోరడానికి ఏ తల్లీ వెనుదీయనవసరం లేదు. వేలూరు, తిరుపత్తూరు జిల్లాల ఆసుపత్రులలో తెలుగు తెలిసిన నర్సో ఆయమ్మో దొరకని రోజు దాదాపు ఉండదు.

దీనితోపాటే ఒక ఉచిత సలహా పట్టణాలలో విరివిగా వినబడుతుంది: ‘ఇంట్లో తెలుగు మానివేయండి, ఒక్క భాషే మాట్లాడండి, లేకపోతే బిడ్డ గందరగోళపడతాడు.’ డౌన్ సిండ్రోమ్ గల పిల్లలపై జరిగిన పరిశోధనలలో రెండు భాషలు వింటూ పెరిగినందువలన అదనపు నష్టం కనబడలేదు. తెలుగు మానివేస్తే బిడ్డ తన అవ్వతో, తాతతో, మేనమామతో మాట్లాడే మాటను కోల్పోతాడు. స్నేహితులు తక్కువగా ఉండే బిడ్డకు బంధువులే లోకం. ఆ లోకాన్ని మూసివేసే సలహాను ఎంత చదువుకున్నవారు ఇచ్చినా ఆలోచించి గాని పాటించరాదు.

నాట్రంపల్లి నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వేలూరు శివార్లలోని బాగాయంలో క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నది. ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల శాఖలుగా విస్తరించిన క్రమంలో, 1957లో డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ ఈ కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ కాలంలో మానసిక వైద్యశాల అనగానే ఎత్తైన గోడలు, ఇనుప తలుపులు, విడిచిపెట్టి వెళ్ళిపోయిన బంధువులు గుర్తుకు వచ్చేవి. బాగాయంలో అందుకు విరుద్ధంగా, రోగితోపాటు కుటుంబసభ్యుడు ఒకరు కచ్చితంగా ఉండాలన్న పద్ధతి పెట్టారు. దాదాపు అదే దశకంలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ కూడా ఇటువంటి మార్గమే తొక్కారు. ధనిక దేశాలు తరువాత ఎంతో చర్చించి చేరుకున్న ఈ ఆలోచనకు భారతదేశంలో పేదరికమూ ఒక కారణమే అనాలి. కావలసినంత మంది నర్సులు లేరు, తల్లులూ అవ్వలూ ఉన్నారు.

ఈ కేంద్రంలో పిల్లల కొరకు ఉన్న విభాగం పేరు ‘నంబిక్కై నిలయం’, అనగా నమ్మకపు ఇల్లు. బుద్ధిమాంద్యం, ఆటిజం వంటి సమస్యలు గల బిడ్డలు ఇక్కడికి ఒంటరిగా రారు. తల్లి గాని తండ్రి గాని బిడ్డతోపాటు కొన్ని వారాలు అక్కడే నివసించి, బిడ్డకు నేర్పే విధానాన్ని తామే నేర్చుకుంటారు. నేర్పేది గొప్ప విద్య కాదు. చొక్కా గుండీ పెట్టుకోవడమన్న ఒక్క పనిని ఏడెనిమిది చిన్న మెట్లుగా విడగొట్టడం. మొదటి మెట్టు తల్లి చేయి పట్టి చేయించడం. బిడ్డ ఒక మెట్టు ఎక్కగానే మెచ్చుకోవడం. ఆ తరువాతనే రెండవ మెట్టు. ముద్ద కలుపుకుని తినడం, దొడ్డికి వెళ్ళాలని సైగ చేయడం, పేరు పిలిస్తే తిరిగి చూడడం, అన్నీ ఇదే వరుసలో. బయటినుండి చూచేవారికి ఇది విసుగు పుట్టించే పని. అయితే పదేళ్ళ కొడుకు మొదటిసారి తన చేత్తో తానే సంగటి ముద్ద తిన్న రోజున ఆ ఇంటిలో ఒక మనిషికి రెండు పూటలా గంటగంట సమయం మిగులుతుంది. కూలికి వెళ్ళే తల్లికి ఆ రెండు గంటలు ఎంతో చెప్పనక్కరలేదు.

ఇక్కడి వైద్యులు 57 మంది తల్లిదండ్రులపై జరిపిన ఒక పరిశోధన 1999లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురితమైనది. ఒక బృందానికి పది వారాలపాటు కలసి కూర్చుని మాట్లాడుకునే శిక్షణ, మరొక బృందానికి ఉపన్యాసాలు. మాట్లాడుకున్న బృందంలో బిడ్డను పెంచే తీరు మెరుగుపడింది, వైకల్యాన్ని గురించిన జ్ఞానం పెరిగింది, సమస్యలను ఎదుర్కొనే దృక్పథం మారింది. వైకల్యం పట్ల వారి మనసులోని భావం మాత్రం మారలేదు. పరిశోధకులు నిజాయితీగా ప్రకటించిన ఈ చివరి ఫలితం తక్కినవాటికంటె ఆలోచింపజేసేది. బిడ్డకు ఎలా నేర్పాలో పది వారాలలో తెలుసుకోవచ్చును; ‘నాకే ఎందుకిలా’ అన్న బాధ పది వారాలలో తీరేది కాదు. ఉపన్యాసాలు విన్నవారికంటె తోటి తల్లిదండ్రులతో మాట్లాడుకున్నవారే ఎక్కువ లాభం పొందారన్నది, ఉపన్యాస రూపంలోనే ఉన్న ఈ ప్రసంగం వినేవారు కూడా గుర్తుంచుకోదగిన విషయం.

తల్లిదండ్రుల బాధకు తోడు నిందలు కూడా ఉంటాయి. మేనరికపు పెండ్లి చేసుకున్నవారిని ‘అందుకే ఇలా’ అంటారు. బయటి సంబంధం చేసుకున్నవారిని కోడలి వంశం మంచిది కాదంటారు. దగ్గరి రక్తసంబంధపు వివాహాలలో కొన్ని వంశపారంపర్య వ్యాధుల అవకాశం పెరుగుతుందన్నది నిజమే. అయితే కాన్పు సమయంలో ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన రోజులలో తీవ్రమైన కామెర్లు, మెదడు వాపు, గుర్తించని థైరాయిడ్ లోపం, అయొడిన్ కొరత, డౌన్ సిండ్రోమ్, ఇలా కారణాలెన్నో ఉన్నవి. ఎంత వెదకినా కారణం తేలని సందర్భాలూ చాలా ఉంటాయి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి పలకని బిడ్డకు మొట్టమొదట చేయించవలసినది వినికిడి పరీక్ష. చెవుడును బుద్ధిమాంద్యంగా పొరబడిన కుటుంబాలు తక్కువేమీ కాదు.

పల్లె విడిచి పట్టణానికి వచ్చిన కుటుంబానికి ఈ సమస్య వేరొక రూపం దాలుస్తుంది. నాట్రంపల్లి పక్క పల్లెలో అటువంటి బిడ్డ వీధిలో తిరుగుతుంటాడు. వెక్కిరించేవారు ఉంటారు, కాని ఏటివైపు వెళితే చేయి పట్టి తెచ్చి ఇంటి దగ్గర వదిలేవారూ ఉంటారు. ఎవరి కొడుకో అందరికీ తెలుసు. మేకలు తోలడం, కొబ్బరి మట్టలు ఏరడం వంటి ఏదో ఒక పని అతనికి దొరుకుతుంది. పల్లె స్వర్గమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. అదే వీధిలో ఆడబిడ్డకు ఎదురయ్యే అపాయాలను గురించి పెద్దలు గుసగుసగా మాట్లాడుకుంటారే గాని పోలీసు స్టేషను దాకా వెళ్ళరు. పట్టణంలో మాత్రం ఆ వీధి కూడా లేదు. రెండు గదుల అద్దె ఇల్లు, తల్లీ తండ్రీ ఇద్దరూ బూట్ల కంపెనీ షిఫ్టుకు వెళ్ళాలి, ఇంటి యజమానికి కేకలు వినబడకూడదు. తలుపుకు బయట గొళ్ళెం పడుతుంది. ఆ గొళ్ళెం పెట్టినవారు దుర్మార్గులు కారు. వారికి మరొక దారి చూపినవారు లేరు.

ఆ మరొక దారి చూపడమే సేవాసంస్థల పని. ఈ రంగంలో పేరుగాంచిన సంస్థలలో అనేకం తల్లిదండ్రుల నుండే పుట్టాయి. 1946లో ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అనే తల్లి, తన కూతురికి బడిలో చోటు దొరకని పరిస్థితిని వివరిస్తూ ఒక పత్రికకు ఉత్తరం వ్రాశారు. ఆ ఉత్తరానికి స్పందించిన తల్లిదండ్రుల సంఘమే నేడు మెన్‌క్యాప్ పేరుతో ఆ దేశమంతటా పనిచేస్తున్నది. చెన్నైలో 1985లో విద్యాసాగర్ సంస్థను ప్రారంభించిన పూనమ్ నటరాజన్ కూడా వైకల్యం గల కుమారుని తల్లే. తరువాత ఆమె కేంద్ర ప్రభుత్వ జాతీయ ట్రస్టుకు అధ్యక్షత వహించారు. తెలుగునాట 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ దేశమంతటికీ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారు చేస్తున్నది. అదే నగరంలో 1991లో మంజులా కల్యాణ్ స్థాపించిన ‘స్వయంకృషి’ బుద్ధిమాంద్యం గల మహిళలకు వృత్తి శిక్షణతోపాటు, కొద్దిమంది కలసి ఒక ఇంటిలో నివసించే ఏర్పాటు చేసింది. వంట, బజారు, ఇంటి పని వారే పంచుకుంటారు. ఇరుగుపొరుగు గల మామూలు ఇల్లు కావడమే అందులోని విశేషం.

‘సమ్మిళితం’ అన్న పెద్ద మాటకు అర్థం ఇంతే: వేరుగా కట్టిన మంచి భవనంకంటె, అందరూ ఉండే మామూలు చోటులో ఒక స్థానం. సేవాసంస్థలు కొన్నిసార్లు దీనిని మరచిపోతాయి. సంవత్సరానికి ఒకసారి బిడ్డలకు రంగు దుస్తులు వేసి, వేదిక ఎక్కించి, దాతలతో ఫోటోలు తీయించడం సులభం. ఆ బిడ్డను వారానికి ఒకసారి వీధి చివరి అంగడికి తీసుకువెళ్ళి, చిల్లర లెక్కించి తీసుకోవడం నేర్పి, ఆ అంగడివానికి కూడా ఓపిక నేర్పడం కష్టం. విరాళాల రసీదులో ఈ రెండవ పని కనబడదు. పనిలో పెట్టే విషయంలోనూ ఇంతే. కాట్పాడిలోని వర్త్ ట్రస్టు శారీరక వైకల్యం గలవారితో అంధుల బ్రెయిలీ యంత్రాలను తయారు చేయించి, వైకల్యం నాణ్యతకు అడ్డు కాదని నిరూపించింది. బుద్ధిమాంద్యం గలవారికి అటువంటి పని చూపినవారు తక్కువ. ఇంటిలో బీడీకట్టలకు లేబుళ్ళు అంటించే పిల్లవానికి ‘వాడికేం తెలుసు’ అని కూలిలో సగం కోసుకునేవారు మాత్రం ఉన్నారు.

ఇక హక్కులు. 6 నుండి 18 సంవత్సరాల వరకు, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గల బిడ్డకు సమీప పాఠశాలలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు. చోటు లేదని ప్రధానోపాధ్యాయుడు నోటిమాటగా చెప్పితే ఆ మాటను కాగితంపై వ్రాసి ఇవ్వమని అడగవచ్చును. తరచుగా ఆ అడుగుతోనే చోటు దొరుకుతుంది. బడికి రాలేని బిడ్డ ఇంటికే ప్రత్యేక ఉపాధ్యాయులు వచ్చే ఏర్పాటు సమగ్ర శిక్ష పథకంలో ఉన్నది. వీటన్నింటికీ తాళంచెవి వైకల్య గుర్తింపు కార్డు. దానికి దరఖాస్తు జిల్లా కలెక్టరు కార్యాలయ ప్రాంగణంలోని మాట్రుత్తిరనాళి సంక్షేమ కార్యాలయంలో లభిస్తుంది. నాట్రంపల్లిలో రేషను కార్డు ఉండి వేలూరులో కాపురం ఉన్నవారు చిరునామా విషయంలో ఇబ్బంది పడతారు గనుక ఏదో ఒక జిల్లాను ముందే నిర్ణయించుకుని కాగితాలన్నీ ఆ చిరునామాకే ఉంచుకోవడం మేలు. కార్డు ఉన్నవారు రాష్ట్ర ప్రభుత్వపు నెలసరి భృతికి దరఖాస్తు చేసుకోవచ్చును. జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకంలో సంవత్సరానికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు బీమా ఉన్నది. తోడు లేకుండా ప్రయాణించలేనివారికి రైల్వేలో రెండవ తరగతి, స్లీపరు టిక్కెట్లపై 75 శాతం రాయితీ, తోడు వెళ్ళేవారికి కూడా అంతే. జోలార్‌పేట నుండి కాట్పాడికి వచ్చి బాగాయం వెళ్ళే కుటుంబానికి ఇది నెలనెలా ఉపయోగపడేది.

పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత ఒక సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. చట్టం దృష్టిలో ఆ కొడుకు లేక కూతురు వయోజనులు. తల్లిదండ్రులు వారికి తమంత తాము సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, వాటా భూమి, శస్త్రచికిత్సకు సంతకం, అన్నింటికీ చిక్కు వస్తుంది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉన్న స్థానిక కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. ఆ కమిటీలో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల వ్యక్తి ఒకరు కూడా సభ్యులు. తల్లిదండ్రులు జీవించి ఉండగానే ఈ దరఖాస్తు పెట్టినవారు పల్లెలలో బహు తక్కువ. ‘మా తరువాత వాడికి ఎవరు’ అన్న ప్రశ్న రాత్రిళ్ళు నిద్రపట్టనీయదు గాని, పగలు దానిని ఎవరూ ఎత్తరు.

ఎత్తవలసిన చోటు ఇంటి నడిమధ్యనే. వేలూరులో ఉన్న అన్న, బెంగుళూరులో ఉన్న అక్క సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు పొలం, ఇల్లు, నగలు ఎవరికి అన్న మాట వస్తుంది. తమ్ముణ్ణి ఎవరు చూచుకుంటారన్న మాట కూడా అప్పుడే రావాలి, వదినల, బావల సమక్షంలో రావాలి. ఆ తమ్ముడు కూడా ఆ చాప మీదనే కూర్చుని ఉండాలి. 2016 చట్టంలోని 14వ సెక్షను పరిమిత సంరక్షకత్వాన్ని పేర్కొంటూ, సంరక్షకుడు ఆ వ్యక్తితో సంప్రదించి నిర్ణయం తీసుకోవాలని చెబుతున్నది. నాట్రంపల్లి ఇంటిలోనే ఉంటావా, అక్కతో బెంగుళూరు వెళతావా అని అడిగితే, పూర్తి వాక్యం పలకలేని మనిషి కూడా పెరటిలోని ఆవు వైపు వేలు చూపగలడు. ఆ వేలు ఎటు చూపిందో దరఖాస్తులో వ్రాయడానికి తెలుగు తెలిసిన ఒకరు పక్కన కూర్చుంటే చాలు.